డ్రైయర్ మూడుసార్లు తిప్పినా బట్టలు తడే, నింద మాత్రం అత్తయ్య మీద

ఈసారి సలహా అడుగుతూ నాకొచ్చిన ఉత్తరం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఒక సబర్బ్ నుంచి. రాసినావిడ పేరూ ఊరూ వద్దన్నారు. రెండంతస్తుల టౌన్‌హౌస్‌లో అద్దెకుంటున్నారు, ఏడు నెలల బాబు ఉన్నాడు, ఈమధ్యే మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టారు, బాబుని చూసుకోవడానికి గుంటూరు నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. ఇంటితోపాటు ల్యాండ్‌లార్డ్ ఇచ్చిన వాషర్, డ్రైయర్ మేడమీద లాండ్రీ గదిలో ఉన్నాయి. మొదట్లో గంటలో ఆరిపోయే బట్టలు, వేసవి దాటేసరికి రెండుసార్లు తిప్పితేగానీ ఆరలేదు, తర్వాత అది మూడుసార్లయింది. ఆటోమేటిక్‌లో పెడితే జీన్స్ నడుముపట్టీ ఇంకా తడిగా ఉండగానే అయిపోయిందని మోగుతుంది. డ్రైయర్ పైన చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అది తిరుగుతున్నంతసేపూ ఆ గది కిటికీ అద్దానికి ఆవిరి పడుతుంది, ఒకరోజు మాడువాసన కూడా వచ్చింది. పోయిన వారం నుంచి డ్రమ్ము చక్కగా తిరుగుతోంది గానీ వేడి అస్సలు లేదు.

అసలు గొడవ ఆవిడ మాటల్లోనే చెప్తాను. "మా ఆయన వాళ్ళమ్మతో, నువ్వొచ్చి చీరలూ తువ్వాళ్ళూ కుక్కి కుక్కి దీన్ని పాడుచేశావు అన్నాడు. నేను అనలేదు, కానీ నేనే అనిపించానని ఆవిడ అనుకుంటోంది. ఆ రోజు నుంచి డ్రైయర్ ముట్టుకోవడం లేదు. బట్టలన్నీ ప్యాటియో రెయిలింగ్ మీద ఆరేస్తోంది. దానికి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు ల్యాండ్‌లార్డ్‌కి ఉత్తరం రాశారు, ఆయన మాకు మెసేజ్ పెట్టాడు. డ్రైయర్ సంగతేమిటంటే ఉన్నదున్నట్టుగా ఇచ్చాను, రిపేరు మీదే అంటాడు. మా ఆయనేమో సేల్‌లో కొత్తది కొనేద్దాం అంటాడు, లేకపోతే ఏదో ఫ్యూజ్ పోయి ఉంటుంది, దాన్ని తీసేసి వైరు కలిపేస్తే వేడి వచ్చేస్తుందని యూట్యూబ్‌లో చూశాడు. మాది రాత్రి తొమ్మిది తర్వాత కరెంటు ఫ్రీ ప్లాన్, అందుకని పడుకునే ముందు వేసి పొద్దున్నే తీస్తాం. ఏం చెయ్యమంటారు?"

మీ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది ఆ చివర్లో ఉన్న ఫ్రీ కరెంటు వాక్యం. మాడువాసన వచ్చిన డ్రైయర్‌ని, ఇంట్లో పసిబిడ్డ, పెద్దవాళ్ళు నిద్రపోతుండగా, అదీ మేడమీద, వేసి పడుకుంటున్నారు. మిగతాదంతా మెల్లగా మాట్లాడుకుందాం గానీ ఈ ఒక్కటీ ఇవాళే ఆపెయ్యండి. వేడి ఎలాగూ రావడంలేదు కదా అనుకోకండి, మీ ఆయన ఏ బ్రేకరో కదిలిస్తే వేడి తిరిగి రావచ్చు, అప్పుడు పాత ప్రమాదం మళ్ళీ మొదలవుతుంది. బాగైన తర్వాత కూడా మీరు మెలకువగా ఉండే వేళలోనే వేసుకోండి, తొమ్మిదికి వేసి పదిన్నరకి తీసేస్తే ప్లాన్ లాభం ఎక్కడికీ పోదు.

ఇక మెషీన్ సంగతి. మీరు దాన్ని ఒకే రోగం అనుకుంటున్నారు, నాకు మాత్రం మూడు కనిపిస్తున్నాయి. నెలల తరబడి మెల్లగా పెరిగిన ఆలస్యం ఒకటి, తడి ఉండగానే ఆగిపోవడం ఇంకొకటి, పోయిన వారం ఉన్నట్టుండి వేడి పోవడం మూడోది. మొదటిదే మూడోదాన్ని తెచ్చిపెట్టి ఉండొచ్చు, అందుకని అక్కడ మొదలుపెడదాం.

బట్టలు ఆరేది వేడి వల్లేనని మనందరికీ ఒక నమ్మకం. నిజానికి డ్రైయర్ చేసే పని గాలి పని: గదిలో గాలి పీల్చి, వేడిచేసి, బట్టల మధ్యనుంచి లాగి, ఆ తడిగాలిని నాలుగంగుళాల గొట్టంలోంచి ఇంటి బయటికి తోసెయ్యడం. బయటికి దారి లేకపోతే ఎంత వేడి పెట్టినా ఆ తడి డ్రమ్ములోనే తిరుగుతూ ఉంటుంది. మీ కిటికీ అద్దం మీద ఆవిరి పడటం, డ్రైయర్ పైన రేకు కాలడం, రెండూ దీని లక్షణాలే. పైగా మీది మేడమీద లాండ్రీ గది, అలాంటి టౌన్‌హౌస్‌లలో ఈ గొట్టం చాలాసార్లు గోడలోంచి ఇంటి కప్పు పైకి పోతుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే ఇళ్ళ కోడ్ ప్రకారం ఆ గొట్టం మొత్తం పొడవు 35 అడుగులు దాటకూడదు, మూల తిరిగే ప్రతి వంపుకీ అందులోంచి 5 అడుగులు తగ్గించి లెక్కేసుకోవాలి. ఇక డ్రైయర్ వెనక గోడకి కలిపే ముక్క ముడతలు ముడతలుగా ఉండే పల్చటి ఫాయిల్‌దో ప్లాస్టిక్‌దో అయితే, డ్రైయర్‌ని వెనక్కి నెట్టినప్పుడల్లా అది నలిగి, ఆ మడతల్లో బట్టల నూగు పట్టి కూర్చుంటుంది. మీకు ముందు ఆ ఇంట్లో ఎంతమంది అద్దెకున్నారో, వాళ్ళెవరైనా ఆ గొట్టం ఒక్కసారైనా దులిపారో మీకు తెలిసే అవకాశం లేదు.

ఇది ఊరికే బెదిరించడానికి చెప్పడంలేదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 వరకు లెక్కలు చూసి, ఇళ్ళలో ఏడాదికి సుమారు 2,900 డ్రైయర్ మంటలు జరుగుతున్నాయని, వాటి కారణాల్లో మొదటిది శుభ్రం చెయ్యకపోవడమేనని చెప్పింది. నూగు తేలిగ్గా అంటుకుంటుంది, గొట్టం మూసుకుపోతే వేడి బయటికి పోదు, రెండూ ఒకేచోట ఉంటాయి.

దీన్ని మీరే ఒక పరీక్షతో తేల్చుకోవచ్చు, వేడి రాకపోయినా పనిచేసే పరీక్ష ఇది. మీ ఉత్తరంలో గోడకి "పెద్ద ప్లగ్" అని రాశారు కాబట్టి మీది ఎలక్ట్రిక్ డ్రైయర్. మామూలు ప్లగ్గూ, పక్కనే గ్యాస్ గొట్టమూ ఉంటే మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు, ఆ గొట్టం, అంటే వెంట్ విప్పి గ్యాస్ డ్రైయర్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. ప్లగ్ తీసి, డ్రైయర్ ముందుకి లాగి, వెనక గొట్టానికి ఉన్న క్లాంప్ వదులు చేసి గొట్టం ఊడదీయండి. డ్రైయర్ వెనక ఉన్న నోట్లోకి, గోడలో ఉన్న నోట్లోకి ఫోన్ లైట్ వేసి చూడండి. నా అంచనా నిజమైతే గోడవైపు గొట్టం అంచులకి బూడిదరంగు నూగు తడి కంబళిలా అతుక్కుని, మధ్యలో వేలు పట్టేంత సందు మాత్రమే ఉంటుంది. ఇప్పుడు ప్లగ్ పెట్టి, డ్రైయర్ ఖాళీగా రెండు నిమిషాలు తిప్పి, వెనక నోటి దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి జోరుగా కొడుతుంటే మెషీన్ ఊపిరి బాగానే ఉంది, తప్పు గోడలో గొట్టానిది. అక్కడే గాలి నీరసంగా ఉంటే నూగు మెషీన్ లోపల, ఫ్యాన్ దగ్గర పేరుకుంది, దానికి మెకానిక్ కావాలి. ఇంటి కప్పు మీద వెంట్ మూత చూడటానికి మీ ఆయన్ని గానీ మావయ్యగారిని గానీ నిచ్చెన ఎక్కనివ్వకండి.

ఇక వేడి. డ్రమ్ము తిరుగుతోంది అంటే కరెంటు ఉన్నట్టే, కాబట్టి ఫ్యూజే పోయింది అని మీ ఆయన లెక్క. అది సగం లెక్క. ఇక్కడి ఎలక్ట్రిక్ డ్రైయర్‌కి 240 వోల్టులు రెండు 120 వోల్టుల లైన్లుగా వస్తాయి, డ్రమ్ము తిప్పే మోటారుకి ఒక లైను చాలు, హీటర్‌కి రెండూ కావాలి. ఇంటి కరెంటు ప్యానెల్‌లో ఉండే జంట 30 ఆంప్ బ్రేకర్‌లో ఒక సగం పడిపోతే డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం చల్లగా వస్తుంది. పైకి బ్రేకర్ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపించవచ్చు, అందుకని దాన్ని పూర్తిగా ఆఫ్‌కి లాగి మళ్ళీ ఆన్ చెయ్యాలి. దీనికి పైసా ఖర్చులేదు. వేడి వస్తే మంచిదే, కానీ గొట్టం సంగతి తేలేదాకా బట్టలు వెయ్యకండి, బ్రేకర్ మళ్ళీ పడితే మళ్ళీ మళ్ళీ ఎత్తకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

బ్రేకర్ బాగానే ఉంటే అప్పుడు మీ ఆయన చెప్పినట్టు థర్మల్ ఫ్యూజో, హీటర్ దగ్గరుండే కటాఫో పోయి ఉండొచ్చు, లేదా హీటర్ తీగే తెగి ఉండొచ్చు. కొన్ని మోడళ్ళలో ఆ ఫ్యూజ్ పోతే అసలు స్టార్టే అవ్వదు, కొన్నిట్లో వేడి మాత్రమే పోతుంది. పోయిందో లేదో ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో చూస్తే తెలుస్తుంది, మార్చడం కూడా పెద్ద విద్యేమీ కాదు, పార్ట్ ఖరీదు మనం బయట ఒక పూట భోజనానికి పెట్టేదానికంటే ఎక్కువ ఉండదు. నాకు అభ్యంతరమల్లా దాన్ని తీసేసి వైరు కలిపేస్తాననడం దగ్గర. ఆ ఫ్యూజ్ ఒకసారి పోతే మళ్ళీ తనంతట తాను కలవదు, కావాలనే అలా చేశారు, లోపల ఉండకూడనంత వేడి పుట్టింది, ఇక నడవకూడదు అని. మీ ఇంట్లో మాడువాసన వచ్చిన తర్వాత వేడి ఆగిపోయింది చూడండి, అది పోయి మిమ్మల్ని కాపాడి ఉండొచ్చు. దాని స్థానంలో వైరు పెడితే డ్రైయర్‌కి ఇక ఎక్కడ ఆగాలో తెలియదు. అలాగని కొత్త ఫ్యూజ్ వేసి గొట్టం వదిలేస్తే, కొత్తది కూడా మళ్ళీ పోయే అవకాశం ఉంది, పార్టుల కంపెనీకి తప్ప ఎవరికీ లాభం లేదు.

తడి ఉండగానే ఆగిపోవడం వీటన్నిట్లోకీ చిన్నది. డ్రమ్ము లోపల, నూగు పట్టే లింట్ జల్లెడ దగ్గర్లో చాలా మోడళ్ళలో రెండు లోహపు పట్టీలు ఉంటాయి, తడి బట్ట వాటికి తగులుతున్నంతసేపూ ఇంకా ఆరలేదని మెషీన్‌కి తెలుస్తుంది. బట్టలు మెత్తగా ఉండాలని వాటితోపాటు వేసే డ్రైయర్ షీట్లు వాడి వాడి వాటి మీద పల్చటి మైనం పొర కడితే, తడి ఉన్నా లేనట్టే లెక్క. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. ఆ పొరే జల్లెడకి కూడా పడుతుంది, నూగు రోజూ తీస్తున్నా సరే. జల్లెడ కుళాయి కింద పెట్టి చూడండి, నీళ్ళు కారిపోకుండా పైన నిలిస్తే సబ్బూ మెత్తటి బ్రష్షుతో కడగాలి. బాబు పడుకునే బట్టలకి ఆ షీట్లు మానేస్తే ఇంకా మంచిది.

అత్తయ్యగారి దగ్గరికి వద్దాం. ఆవిడ వచ్చాకే పాడైందన్నది తారీఖులవారీగా నిజమే కావచ్చు. ఇద్దరు మనుషులు ఎక్కువయ్యారు, పాపం బాబు ఒక్కడే రోజుకి నాలుగు జతలు తడుపుతాడు, లోడ్లు రెట్టింపయ్యాయి. ఏళ్ళ తరబడి మూసుకుంటూ వస్తున్న గొట్టం ఆ రెట్టింపు పనికి చేతులెత్తేసింది. ఆవిడ రాకపోయినా కాస్త ఆలస్యంగా ఇదే జరిగేది. చీరల విషయంలో మాత్రం మీ ఆయన మాటలో కొంచెం నిజం ఉంది. నేత చీర డ్రమ్ములో తిరుగుతూ తువ్వాళ్ళనీ బాబు బట్టల్నీ చుట్టేసుకుని ముద్ద అవుతుంది, పైపొర కరకరలాడుతుంది, విప్పితే లోపల తడి అలాగే ఉంటుంది. దానివల్ల బట్టలు ఆరవు గానీ మెషీన్ పాడవదు. చీరలు విడిగా, వాషర్‌లో ఇంకోసారి స్పిన్ పెట్టి, డ్రైయర్‌లో పావుగంట తిప్పి, ఆ తర్వాత షవర్ రాడ్ మీద వేస్తే సరి. గంజి పెట్టేవీ, జరీ అంచువీ అసలు డ్రైయర్ మొహం చూడకూడదు.

ఒక్క విషయంలో ఆవిడతో మాట్లాడక తప్పదు. ఏడు నెలల బాబున్న ఇంట్లో గుంటూరు అమ్మమ్మలు, నానమ్మలు నూనె పెట్టి స్నానం చేయించకుండా ఉండరు, మీ ఇంట్లోనూ నువ్వుల నూనో మరొకటో నడుస్తూ ఉంటుందని నా ఊహ. ఆ నూనె తుడిచిన తువ్వాళ్ళు, వంటింటి నూనెగుడ్డలు డ్రైయర్‌లో వెయ్యకూడదు. ఉతికినా కొంత నూనె నూలులో ఉండిపోతుంది, వేడి తగిలాక గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడెక్కుతూ పోతుంది, డ్రైయర్ ఆగిపోయిన తర్వాత కుప్పగా పడున్న బట్టలు అంటుకోవడం ఇలాగే జరుగుతుంది. డ్రైయర్‌తో వచ్చే పుస్తకాల్లో కూడా ఈ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు. వాటిని వేడినీళ్ళలో ఎక్కువ సబ్బుతో విడిగా ఉతికి, నీడన స్టాండ్ మీద ఆరేసుకోండి. ఈ మాట మీరు చెప్పకుండా మీ ఆయన చేత చెప్పించండి, అదీ తప్పుపట్టినట్టు కాదు, "అమ్మా, ఇక్కడి మెషీన్లకి నూనె పడదట" అన్నంత తేలిగ్గా. మీరు చెప్తే ఆ పాత అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ల్యాండ్‌లార్డ్ దారి మొదటిది, నేనైతే ముందు అదే పట్టుకుంటాను. డ్రైయర్ ఆరబెట్టడం లేదు అని మెసేజ్ పెడితే, అది మీ సౌకర్యం గొడవ, ఉన్నదున్నట్టుగా ఇచ్చాను అంటాడు, లీజులో అలాగే రాసుంటే డ్రైయర్ వరకు ఆయన మాట నెగ్గవచ్చు కూడా. కానీ గోడలో, కప్పులో ఉన్న గొట్టం డ్రైయర్‌తో వచ్చిన సామాను కాదు, ఇంటి భాగం. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92వ చాప్టర్ ప్రకారం, మామూలు అద్దెదారు ఆరోగ్యానికో భద్రతకో హాని చేసే లోపం గురించి తెలియజేస్తే ల్యాండ్‌లార్డ్ బాగుచేయించే ప్రయత్నం చెయ్యాలి, సాధారణంగా 7 రోజులని సమంజసమైన గడువుగా చూస్తారు. అందుకని గొట్టం లోపలి ఫొటో, మాడువాసన వచ్చిన తేదీ, ఆవిరి పట్టిన కిటికీ, ఇవన్నీ పెట్టి, "డ్రైయర్ వెంట్ మూసుకుపోయింది, మంట ప్రమాదం ఉంది" అని రాతపూర్వకంగా రాయండి, లీజులో నోటీసు ఎలా ఇవ్వాలని ఉందో అలాగే. అద్దె బాకీ లేకుండా చూసుకోండి, కోపంతో అద్దె ఆపెయ్యకండి, ఆపితే చట్టం ఇచ్చిన బలం మీ చేతుల్లోంచి పోతుంది. ఈ దారిలో నష్టం, వారం పదిరోజులు బట్టలు ఎక్కడో ఆరేసుకోవాలి, ఆయనతో కాస్త చేదు మిగలొచ్చు.

అంత ఓపిక లేదంటే, ఆయన్ని అడిగి అనుమతి మెసేజ్‌లో తీసుకుని, డ్రైయర్ వెంట్ క్లీనింగ్ వాళ్ళని మీరే పిలిపించుకోవచ్చు. ఏసీ డక్టులు కాదు, డ్రైయర్ వెంట్ అని గట్టిగా చెప్పండి, కప్పు మీద మూత దగ్గర కూడా చూడాలని ముందే అడగండి. 100, 200 డాలర్ల మధ్యలో అవుతుంది, కప్పు ఎక్కాలంటే ఇంకొంచెం. అద్దెలో తగ్గించమని తర్వాత అడగొచ్చు, ఇస్తాడని మాత్రం ఆశపెట్టుకోకండి.

కొత్త డ్రైయర్ దారి మీ ఆయనకి ఇష్టమని తెలుసు, సేల్ అంటే మనవాళ్ళందరికీ ఇష్టమే. గొట్టం అలాగే ఉంచి కొత్తది పెడితే మొదటి రోజు నుంచే అది కూడా రెండుసార్లు తిరుగుతుంది, అప్పుడు అత్తయ్యగారిని ఏమంటారు? ఇల్లు మారినప్పుడు దాన్ని మోసుకెళ్ళాలి, పాతదాన్ని ల్యాండ్‌లార్డ్ కోసం ఎక్కడో దాచాలి, గోడ సాకెట్‌కి మూడు పిన్నులా నాలుగు పిన్నులా చూసి దానికి తగ్గ కరెంటు వైరు విడిగా కొనాలి. ఒకవేళ గొట్టం అసలు శుభ్రం చెయ్యడానికే వీల్లేనంత పొడవూ వంకరలూ ఉన్నదని తేలితే, అప్పుడు వెంట్ అక్కర్లేని హీట్ పంప్ డ్రైయర్ ఆలోచించండి. ఖరీదు ఎక్కువ, లోడు ఆరడానికి టైమూ ఎక్కువే, కరెంటు మాత్రం తక్కువ తాగుతుంది, గాలి బయటికి పోవాల్సిన పనిలేదు.

ఈలోగా ప్యాటియో రెయిలింగ్ వదిలెయ్యండి, హెచ్‌ఓఏ జరిమానా వేస్తే అది చివరికి మీ ఖాతాలోకే వస్తుంది. రెండు ఫోల్డింగ్ స్టాండ్లు కొని, కింద హాల్లో సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టండి. దాని బాధ్యత మావయ్యగారికి అప్పజెప్పండి, ఇక్కడ ఆయనకి ఏమీ తోచక టీవీ ముందు కూర్చుంటున్నారని మీరే రాశారు.

అత్తయ్యగారితో మాట్లాడాల్సింది మీ ఆయనే, మీరు మధ్యవర్తిగా వెళ్ళి "ఆయన అలా అన్నాడుగానీ" అని మొదలుపెడితే ఇంకా చిక్కుపడుతుంది. గొట్టం విప్పే రోజు ఆవిడని పక్కనే ఉండమనండి. లోపల్నుంచి బయటికి వచ్చే నూగు చూస్తే, అది ఆవిడ వచ్చిన ఈ కొద్ది నెలల్లో పట్టింది కాదని ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆవిడకీ తెలుస్తుంది, మీ ఆయనకీ తెలుస్తుంది. సారీ చెప్తాడా లేదా అన్నది మీ ఇంటి పద్ధతి, కొడుకులు అమ్మలకి సారీ అని నోటితో చెప్పడం మన ఇళ్ళలో అరుదే, ఆ రోజు ఆవిడ చీరలు వాషర్‌లోంచి తీసి తనే ఆరేస్తే ఆవిడకి అర్థమవుతుంది.

గొట్టం శుభ్రమై, వేడి తిరిగొచ్చాక మొదటి లోడుగా నాలుగైదు తువ్వాళ్ళు మాత్రమే వెయ్యండి, నూనెవి కాకుండా. పగలు, మీరు ఇంట్లో ఉన్నప్పుడు. ముప్పావుగంట నుంచి గంటలో ఆరిపోయి, కిటికీ అద్దం తేటగా ఉంటే పని అయినట్టే. ఆరకపోతే, లేదా ఏ కొంచెం మాడువాసన వచ్చినా ఆపి ప్లగ్ తీసేసి మెకానిక్‌ని పిలవండి. బ్రేకరా, ఫ్యూజా, ఏది బయటపడిందో వీలుంటే మళ్ళీ ఒక ముక్క రాయండి.